తలుపు కింద పాదాలు

చెక్క మీద చిత్రిక ఆడినంతసేపూ మునిరామయ్య ఆచారి నోరు కూడా ఆడుతూనే ఉంటుంది. చిత్రికకు పొట్టు రాలుతుంది, నోటికి కథలు రాలుతాయి. రెండింట్లో ఏది ఎక్కువో చిత్తూరు పాత మామిడి మండీలో ఎవరూ తేల్చి చెప్పలేరు.

“అప్పుడు ప్రేమానందం డైరెక్టరు నా బుజం మీద చెయ్యేసినాడు. ‘మునిరామా, నువ్వు లేకపోతే ఈ సినిమా లేదప్పా’ అని ఏడ్సినాడు. మామూలు ఏడుపనుకున్నారా? ఆ కన్నీళ్ళ వేడికి కాయలు ఒక దినం ముందే మాగినాయి.”

టీ కొట్టు చిన్నబ్బ గ్లాసు చేతికిస్తూ, “పోయిన వారం నీ కాళ్ళకు మొక్కినాడంటివే?” అన్నాడు.

“మొక్కి, లేసి, ఆ పైన ఏడ్సినాడు. నువ్వు సగం కథ విని పాలు పొంగుతాండాయని పరిగెత్తితే తప్పు నాదా?”

చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. మునిరామయ్య నవ్వలేదు. పెద్ద అబద్ధం ఆడినవాడు తాను నవ్వకూడదనేది అతని నియమం. మొహం గుడిమెట్టు మాదిరి పెట్టుకుని టీ ఊదుకున్నాడు.

నలభై ఏళ్ళ కిందట ఈ మండీలోనే, కాయలు మాగేసే ఈ గదిలోనే ప్రేమానందం తీసిన భయం సినిమాను జనం ఇప్పటికీ ఫోన్లలో చూస్తున్నారట. ప్రేమానందం పోయి చాలా కాలమైంది. ఆయనకు నివాళిగా భానుచందర్ అనే కుర్ర డైరెక్టరు ఇప్పుడొక సినిమా తీస్తున్నాడు. మనిషిని తన మనసే ఎలా వేటాడుతుందో చూపించే కథట. కథ కొత్తదే గాని, ఒక్క సీను మాత్రం పాతదానికి అచ్చు గుద్దినట్టు ఉండాలి. ఆడపిల్ల ఈ గదిలో చిక్కుకుని కేక పెట్టే సీను. అప్పటి తలుపును చెదలు తినేశాయి. అది చేసిన చేతులు ఇంకా పనిచేస్తున్నాయని ఎవరో చెబితే భానుచందర్ వెతుక్కుంటూ వచ్చి, అదే కొలతతో తలుపు పురమాయించాడు.

మండీ గదులకు గడప ఉండదు. తట్టలు ఈడ్చుకుపోవాలి కదా. అందుకని తలుపు కింద రెండు వేళ్ళ సందు వదలాలి. గొళ్ళెం బయటే ఉంటుంది. లోపల గడియ పెట్టే వాడుక లేదు. మామిడికాయలు లోపల్నుంచి తలుపు వేసుకోవు.

సాయంత్రం నాలుగింటికి భానుచందర్ వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. తలుపును అరచేత్తో తడిమి, వంగి వాసన చూసి, దేవుడి గదిలోకి వచ్చినవాడిలా కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత పలక లాంటి కంప్యూటరు తీసి మునిరామయ్య ముందు పెట్టాడు.

“ఇది చూడండి ఆచారి గారూ. పాత సినిమాలోది.”

రంగులు వెలిసిన బొమ్మ. కెమెరాను నేల మీదే పెట్టినట్టున్నారు. ఎదురుగా మూసిన తలుపు, దాని కింద సందులో ఎండ తెల్లటి గీతలా. ఆ గీతలో రెండు నల్లటి మచ్చలు.

“పాదాలు,” అన్నాడు భానుచందర్, గొంతు తగ్గించి. “కథ ప్రకారం అప్పుడు బయట ఎవరూ ఉండకూడదు. మరి ఇవి ఎవరివి? హంతకుడివని కొందరు, చనిపోయిన తండ్రివని కొందరు, నలభై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. నేను పన్నెండేళ్ళప్పుడు చూశాను. నెల రోజులు స్నానాల గది తలుపు వేసుకోలేదు. ఎవరివో చెప్పకుండా వదిలేశారు చూడండీ, అదీ ప్రేమానందం గారంటే.”

చిత్రిక ఆగింది. నోరూ ఆగింది.

చిన్నబ్బ తొంగి చూసి, “ఏందప్పా, నీకు తెలీని కథ కూడా ఉండాదా ఈ మండీలో? ఎవురివి ఆ కాళ్ళు?” అన్నాడు.

“ఎవురివో,” అన్నాడు మునిరామయ్య.

ఇన్నేళ్ళలో అతను కెమెరా లెన్సుకు అంటిన మామిడి రసాన్ని డైరెక్టరు నాలుకతో నాకిన కథ చెప్పాడు. తన బాడిసెను చూసి హీరో తట్టలో దాక్కున్న కథ చెప్పాడు. ఈ కాళ్ళ కథ ఒక్కటే ఏనాడూ చెప్పలేదు. అవి అతనివే కాబట్టి చెప్పలేదు.

భానుచందర్ అతన్ని పక్కకు తీసుకుపోయాడు. “ఎల్లుండి షూటింగు. బొమ్మలో ఆ పాదాలున్న చోటే, అలాగే మీరు నిలబడాలి. తలుపు మూయగానే గొళ్ళెం పెట్టేయండి. నేను చెయ్యెత్తేదాకా తీయకండి. హీరోయిన్ ఐశ్వర్యకు మాత్రం చెప్పొద్దు. తోస్తే తెరుచుకుంటుందనే ఆ అమ్మాయికి చెప్పాను. ప్రేమానందం గారు కూడా అలాగే తీశారట కదా. ఆ కేక నటన కాదు, నిజం. నాకదే కావాలి.”

“లోపల కాయలుంటాయా సార్?”

“నిజంగానే మాగేయిస్తున్నా. చెమట కూడా నిజమైనదే రావాలి.”

“గడ్డి కింద కాయలు వేడెక్కినాయంటే ఆ గదిలో ఊపిరాడదు సార్.”

“రెండు నిమిషాలు. సినిమా మొదట్లో మీ పేరు ఒక్కటే విడిగా వేస్తాను. తెర నిండా.”

ప్రేమానందం కూడా రెండు నిమిషాలనే అన్నాడు. ఆ మాట మునిరామయ్య గొంతు దాకా వచ్చి, తెర నిండా ఉన్న తన పేరును చూసి వెనక్కి జారింది.

“సరే సార్,” అన్నాడు.

*

మరునాడు ఉదయం మునిరామయ్య తిరుపతి బస్సెక్కాడు. పాత సినిమాలో ఆ సీను చేసిన కోమలి తిరుపతిలోనే ఉంది. షూటింగుకు పిలిచి శాలువా కప్పాలని భానుచందర్ ఆశ. ఫోన్ చేస్తే ఆమె పెట్టేస్తోందట. పాతవాళ్ళు పాతవాళ్ళను కాదనరని ఆచారిని పంపాడు.

ఆసుపత్రి వెనక సందులో, రోగుల తాలూకు మనుషులకు క్యారియర్లు కట్టి పంపే ఇల్లు ఆమెది. వీధి వాకిలికి ఊచల గేటు ఉంది. గేటు అవతల చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టగానే మునిరామయ్య కళ్ళు తమంతట తామే ద్వారబంధాల మీదికి పోయాయి. వడ్రంగి కళ్ళు మరి.

ముందు గదికి తలుపు లేదు. వంటింటికి లేదు. పక్క గదికి లేదు. వెనక స్నానాల గదికి కూడా పూల పూల గుడ్డ వేలాడుతోంది. అన్నీ మంచి టేకు బంధాలే. ఒకప్పుడు తలుపులు ఉన్నాయనడానికి గుర్తుగా కీళ్ళు ఊడదీసిన చోట్ల మైనం పెట్టి రంగు పూసి ఉంది. ఒక్కొక్క బంధానికి మూడు కీళ్ళు, ఒక్కో కీలుకు ఆరు చిల్లులు. ఎవరో ఓపిగ్గా, ఒక్క చిల్లు కూడా వదలకుండా పూడ్చారు.

“రా అన్నా, కూర్చో,” అంది కోమలి. అరవైకి దగ్గర్లో ఉంది. జుట్టు ముడి, చేతిలో సాంబారు గరిటె.

“మునిరామయ్యనమ్మా. చిత్తూరు. ఆ సినిమాకు తలుపు చేసిన ఆచారిని.”

“తెలుసు.” చెంబుతో నీళ్ళు తెచ్చి అతని కుర్చీ పక్కన నేల మీద పెట్టింది.

“తలుపులన్నీ పీకేసినావేమ్మా?”

“గాలి రావద్దా?”

“దొంగలొస్తే?”

“వస్తే తినిపోతారు. క్యారియర్ల ఇంట్లో ఇంకేముండాది ఎత్తుకపోయేదానికి?”

మునిరామయ్య నవ్వి, ధైర్యం తెచ్చుకుని, వచ్చిన పని చెప్పాడు. శాలువా సంగతి వినగానే ఆమె, “ఈ ఎండల్లో శాలువానా? నాకేమన్నా చలిజొరమా?” అంది. గిన్నెల్లో సాంబారు పోస్తూనే ఉంది. చేతి నుంచి ఒక్క చుక్క పక్కకు పడటం లేదు.

“ఆ కేక గురించి దేశమంతా చెప్పుకుంటాదమ్మా. అట్లాంటి కేక మళ్ళీ పుట్టలేదంట.”

“ఆ కేక నాది కాదన్నా.”

“అదేంది?”

“నేను అరవలేదు. అరుపు రాలేదు నాకు. మద్రాసులో ఎవురో అమ్మాయి మైకు ముందర నిలబడుకోని అరిచింది. దాన్ని నా నోట్లో అతికించినారు. నేను చేసింది పిలవడం.”

“ఎవుర్ని?” అన్నాడు మునిరామయ్య. తెలిసి తెలిసి అడిగాడు.

“తలుపు కింద కాళ్ళు కనబడినాయి. ఊపిరి సాలక నేల మీద పండుకోని ఆ సందులో మొగం పెట్టుకుంటి. ఇంత దూరం.” గరిటె కాడ చూపించింది. “అన్నా, అన్నా అని పిలిచినా. ఎడం కాలి చిటికెనేలు సగమే ఉండె. పిలిచినప్పుడంతా ఆ సగం వేలు కదిలె. ఇనబడ్తా ఉండాదని నాకు తెలుస్తానే ఉండె. గొళ్ళెం మాత్రం కదల్లేదు. వేలు కదలడం ఎప్పుడు ఆగిపాయనో తెలీదు. నాకే తెలివి తప్పిపాయ.”

మునిరామయ్య ఎడమ పాదాన్ని కుర్చీ కిందికి లాక్కున్నాడు. బాడిసె జారి తెగిన వేలు అది, ఇరవయ్యో ఏట. ఆమె అతని వైపు చూడటం లేదు. తలుపు లేని వాకిలి వైపు చూస్తూ క్యారియరుకు మూత పెట్టింది.

“ఈసారి ఆ గదిలో పెట్టే పిల్లకన్నా చెప్పినారా?”

ఆ క్షణంలో ఒక్క మాట చాలు. లేదమ్మా, చెప్పలేదు, ఈసారి కూడా గొళ్ళెం నా చేతిలోనే ఉందని అంటే సరిపోయేది. మునిరామయ్య నోరు తెరిచాడు. నలభై ఏళ్ళ అలవాటు ముందుగా బయటికి దూకింది.

“ఇప్పుడంతా కంప్యూటరమ్మా. తలుపే ఉండదు. ఉత్త పచ్చగుడ్డ కట్టి, తలుపును ఆనక కంప్యూటర్లో గీస్తారు. పిల్ల నోరు కూడా మెదపదు, ఆ కంప్యూటరే అరుస్తాది.”

అతను పుట్టి బుద్ధెరిగాక ఇంత చప్పటి కథ చెప్పి ఉండడు.

“మంచిదే,” అంది కోమలి. “పొయ్యేటప్పుడు చెప్పులు మర్చిపోబాక అన్నా. కాళ్ళు కాల్తాయి.”

ఆ మాటలో ఏమీ లేదు. అయినా వీధిలోకి వచ్చాక అతను ఒకసారి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. బస్సులో ముందు సీటు కింది నుంచి ఎవరివో రెండు మడమలు కనబడుతున్నాయి. చిత్తూరు దాకా అతను ఆ వైపు చూడకుండా కిటికీలోకే చూస్తూ కూర్చున్నాడు. పక్కన కూర్చున్నవాడు, “ఏ ఊరు తాతా?” అని అడిగినా ఒక్క కథ చెప్పలేదు.

*

షూటింగు రోజు పదకొండు గంటలకే మండీ రేకులు కాలుతున్నాయి. గదిలో మూడు రోజుల నుంచి గడ్డి కింద కాయలు మాగుతున్నాయి. తలుపు తీస్తే తియ్యటి వేడి ఆవిరి, దానిలో కలిసిన కుళ్ళు వాసన మొహానికి తడిగుడ్డలా తగులుతోంది.

ఐశ్వర్య పాకాల ఊరి పిల్ల. పెద్ద సినిమా ఆమెకు ఇదే మొదటిది. మొహానికి చెమట మేకప్ వేయించుకుని వచ్చి తలుపును అటూ ఇటూ ఆడించి చూసింది.

“మీరే చేసినారా తాతా? ఊరికే తెరుచుకుంటాదా? నాకు మూసిన గదులంటే పడదు. లిఫ్టు కూడా ఎక్కను. మా అమ్మ నవ్వుతాది, సినిమా యాక్టరువి మెట్లెక్కి పోతావా అని.”

“వెన్నలో కత్తి దిగినట్టు తెరుచుకుంటాదమ్మా,” అన్నాడు మునిరామయ్య, తలుపు వైపు చూస్తూ.

బయట నేల మీద సుద్దముక్కతో రెండు పాదాలు గీసి ఉన్నాయి. పాత బొమ్మలో కొలిచి గీశారట. మునిరామయ్య చెప్పులు విడిచి అందులో నిలబడ్డాడు. గీత ఎక్కడా మిగల్లేదు, ఎక్కడా దాటలేదు. నలభై ఏళ్ళుగా ఆ చోటు ఖాళీగా తన కోసమే కాచుకుని ఉన్నట్టు సరిపోయింది.

పది అడుగుల దూరంలో భానుచందర్, లోపలి కెమెరా చూసేది కనబడే టీవీ ముందు కూర్చుని చెయ్యి కిందికి దించాడు. ఐశ్వర్య లోపలికి పోయింది. తలుపు పడింది. మునిరామయ్య చెయ్యి తనంతట తాను పైకి లేచి గొళ్ళెం వేసింది. చప్పుడు కాకుండా వేయడం కూడా ఆ చేతికి గుర్తుంది.

లోపల ఆమె తన డైలాగు చెప్పింది. నాలుగడుగులు వేసింది. తలుపు తోసింది. మళ్ళీ తోసింది.

“తాతా, బిగుసుకున్నట్టుండాది,” అంది, నవ్వుతూనే.

సగం వేలు కదిలింది. మునిరామయ్య కిందికి చూసుకున్నాడు. అతను కదిలించలేదు, అదే కదిలింది. భానుచందర్ వైపు చూశాడు. భానుచందర్ చెయ్యి కిందే ఉంది. కళ్ళు టీవీకి అతుక్కుని దీపాల్లా వెలుగుతున్నాయి.

తలుపు మీద అరచేతులు పడ్డాయి. ఒకటి, రెండు, నాలుగు. “తాతా! ఆడే ఉండారు గదా, కాళ్ళు కనబడ్తాండాయి! తియ్యండి!”

మండీలో ఎవరూ కదలడం లేదు. హమాలీలు, లైట్లవాళ్ళు, టీ కెటిల్ పట్టుకున్న చిన్నబ్బ, అందరూ సినిమా చూస్తున్నట్టే నిలబడ్డారు. ఇంకో క్షణంలో కేక వస్తుందని అందరికీ తెలుసు. కేక రాలేదు. అరచేతుల చప్పుడు ఆగింది. గడ్డి గరగరలాడింది. ఎవరో నేల మీదికి జారుతున్న చప్పుడు.

తర్వాత అతని పాదాల వేళ్ళ మీద వెచ్చగా గాలి తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది. తలుపు కింది సందులోంచి, ఒక మనిషి ఊపిరి.

“తాతా,” అంది ఆ ఊపిరి.

మునిరామయ్య గొళ్ళెం తీశాడు.

ఐశ్వర్య మోకాళ్ళ మీద బయటికి వచ్చి, గోడకు ఆనుకుని, నోరు తెరిచి గాలి మింగింది. మేకప్ చెమట ఏదో, అసలు చెమట ఏదో తెలియడం లేదు. భానుచందర్ తల పట్టుకుని లేచాడు.

“ఏం పని చేశారండీ! ఇంకో పది సెకన్లు… కేక వచ్చేసేది!”

“రాదు సార్,” అన్నాడు మునిరామయ్య. “ఆ పొద్దు కూడా రాలేదు. ఆ కేక మద్రాసులో ఇంకెవురో అరిచింది. ఈ గదిలో కోమలమ్మ అరవలేదు, నన్ను పిలిచింది. ఆ కాళ్ళు నావి. హంతకుడివీ కాదు, దెయ్యానివీ కాదు. చెయ్యెత్తేదాకా తీయొద్దన్నాడు ప్రేమానందం, నేను తీయలేదు. కెమెరాను లోపల నేల మీద తిరగనిచ్చి, బయట ఆయన చెయ్యెత్తేదే మర్చిపోయినాడు. తెలివి తప్పినాక ఈడ్చుకోని బయట పడుకోబెట్టినాము.”

ఒక హమాలీ కిసుక్కున నవ్వాడు.

“ఆ కాళ్ళు కూడా నీవేనా!” అన్నాడు చిన్నబ్బ. “మొన్న అడిగితే ఎవురివో అంటివే. రెండు దినాల్లో మొలిసినాయా? ఏం మనిషివప్పా, పసిబిడ్డ బెదిరిపోయి కూర్చోనుంటే ఇప్పుడు కూడా ఒకటి అల్లితివి!”

నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. మునిరామయ్య నవ్వలేదు. అతను నవ్వకపోవడం చూసి వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. పెద్ద కథ చెప్పినప్పుడు అతను మొహం అలాగే పెడతాడని అందరికీ తెలుసు.

అతను కాక నవ్వనివాళ్ళు ఇద్దరే. ఐశ్వర్య గోడ దగ్గర్నుంచి అతని సగం వేలును చూస్తోంది. భానుచందర్ పలకలోని బొమ్మను, సుద్దగీతను మార్చి మార్చి చూసి, “అద్భుతం,” అన్నాడు, గుడిలో మాట్లాడినట్టు. “మీరేనా అది! ఇదంతా కెమెరా ముందు చెప్పాలి మీరు. సినిమా కంటే ఇదే ముందు వదులుదాం.” అతనికి కాళ్ళు దొరికాయి. పిలుపు మాత్రం వినబడలేదు.

“మళ్ళీ తీద్దాం. ఐశ్వర్యా, సంగతి తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడు నువ్వే చెయ్యాలి. గొళ్ళెం మాత్రం ఉంటుంది, తలుపు అదరడం నిజంగా కనబడాలి. అంత భయపడేదేం లేదమ్మా. ఉండు, నేను చేసి చూపిస్తా.”

భానుచందర్ గది వైపు నడిచాడు. ఒక కాలు లోపల పెట్టాడు. ఆవిరి మొహాన కొట్టింది. ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. తలుపు రెక్క, దాని పక్కన మునిరామయ్య, మునిరామయ్య చేతికి జానెడు దూరంలో గొళ్ళెం.

“ఆచారి గారూ, కొంచెం అటు జరగండి.”

మునిరామయ్య జరిగాడు.

“ఇంకొంచెం.”

ఇంకొంచెం జరిగాడు. భానుచందర్ రెండో కాలు ఎత్తబోయి మళ్ళీ ఆగాడు. నవ్వడానికి ప్రయత్నించాడు.

“ఈ తలుపుకు ఏదైనా అడ్డం పెట్టండమ్మా ఎవరైనా. గాలికి పడిపోతుందేమో.”

మండీలో గాలి లేదు. గడ్డిపోచ కూడా కదలడం లేదు. నవ్వులు ఎక్కడివక్కడ తెగిపోయాయి. హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత మునిరామయ్య మొహం చూశారు. ఈసారి చూపు వేరేగా ఉంది. చిన్నబ్బ కెటిల్ కింద పెట్టాడు.

ఐశ్వర్య లేచింది. ఖాళీ తట్ట ఒకటి ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డంగా పెట్టింది. “పోండి సార్,” అంది. “నేనీడే నిలబడుకోనుంటా.”

భానుచందర్ పోలేదు. లోపల పెట్టిన కాలును మెల్లగా బయటికి తీసుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా, “తలుపు తీసిపెట్టే తీద్దాం,” అన్నాడు.

అలాగే తీశారు. తట్ట అడ్డం ఉండగా, కెమెరాకు అది కనబడకుండా చూసుకుని. సుద్దగీతలో ఎవరూ నిలబడలేదు. ఐశ్వర్య ఆమడ దూరం వినబడేలా కేక పెట్టింది. ఉత్త నటన. దానికే చిన్నబ్బ చేతిలో గ్లాసు జారి పగిలింది.

*

మరునాడు మునిరామయ్య మళ్ళీ తిరుపతి బస్సెక్కాడు. ఈసారి అతన్ని ఎవరూ పంపలేదు. ఊచల గేటు దగ్గర చెప్పులు విడిచి, కుర్చీ వేస్తుంటే వద్దని, కోమలి ఎదురుగా నిలబడ్డాడు. రెండు పాదాలూ ఆమెకు కనబడేలా నిలబడ్డాడు.

“ఆ కాళ్ళు నావేమ్మా.”

“మొన్న నీళ్ళు పెట్టేటప్పుడే చూసినా,” అంది కోమలి. చేతిలో క్యారియరు గిన్నె తుడుస్తోంది. “చెప్తావేమోనని ఎదురు చూసినా. పచ్చగుడ్డ కట్టి చూపిస్తివి.”

కోమలి ఆ గిన్నెను బోర్లించి ఇంకొకటి అందుకుంది.

“పచ్చగుడ్డ సంగతి సరే. ఆ పిల్లను మూసినారా?”

“మూసినామమ్మా. గొళ్ళెం నేనే పెట్టినా.”

గిన్నె తుడిచే చెయ్యి ఆగింది. “తీసినావా?”

“తీసినా.”

“ఎన్నోసారి పిలిస్తే?”

మొదటి పిలుపుకే అనే మాట నాలుక చివర తయారుగా ఉంది. ఎంత బాగుంటుంది ఆ కథ! డైరెక్టరు చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టినట్టు, గొళ్ళెం ఊడి చేతికొచ్చినట్టు, పిల్ల కాళ్ళ మీద పడినట్టు. చెబితే ఎవరు వచ్చి కాదంటారు?

“మూడోసారికమ్మా,” అన్నాడు మునిరామయ్య.

కోమలి గిన్నె మీద గిన్నె పేర్చి, క్యారియరు కొక్కెం బిగించింది.

“ఒక్క తలుపు కాడ మూడో పిలుపుకు వచ్చేదానికి నీకు నలభై ఏండ్లు పట్టింది,” అంది. “ఇంకో నలభై ఏండ్లు బతుకన్నా. మొదటి పిలుపుకే తీస్తావు.”